తరవాణి కుండ తోమిన రోజు

రండి, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. గోడకి ఆనుకుంటే సున్నం అంటుతుంది, చూసుకోండి. పొయ్యి మీద పాలున్నాయి, అవి పొంగేలోపు చెప్పేస్తాను. (పొంగితే పొంగనివ్వండి, ఈ ఇంట్లో అదేం కొత్త కాదు.)

ఆ రోజుల్లో ఆడపిల్ల వంట రాకుండా పద్దెనిమిదేళ్లు ఎలా పెరిగింది అని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతారు. పెరిగింది, ఇదిగో మీ ఎదురుగానే ఉంది. ఒడిశాలో, బిస్సమ్ కటక్ బజారులో మాది కిరాణా కొట్టు. మా తాత బొబ్బిలి వైపు నుంచి వచ్చి పెట్టుకున్నది. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక గోనె పరదా. ఏడో తరగతి గట్టెక్కలేక బడి మానేసిన నేను, పరదాకి అవతల అమ్మ పక్కన కాకుండా, ఇవతల నాన్న పక్కన చేరాను. సరుకు సంగతి అడగండి, ఇప్పటికీ చెప్తాను. కందిపప్పు ఒక బద్ద పంటికింద వేసుకుంటే కొత్తదో పాతదో తెలిసేది. పసుపు కొమ్ము విరిస్తే ఏ కొండ మీద పండిందో తెలిసేది. ఆ పప్పు ఉడికాక ఎలా ఉంటుందో, ఆ పసుపు కూరలో ఎంత వెయ్యాలో మాత్రం తెలిసేది కాదు. కంచంలోకి వచ్చేది, తినేదాన్ని, అంతే. నాన్నకి నా ముక్కు మీద మహా నమ్మకం. పొద్దున్నే కొట్టు తెరవగానే, "అమ్మి, ఓపాలి వాసన సూడు" అనేవాడు. నేను బస్తాబస్తా దగ్గరా వంగి వాసన చూసేదాన్ని. మక్కిన పిండి, ముక్కిన పప్పు ఏదైనా దొరికితే ఆ పూటే బయటికి. "వాసనొచ్చిన సరుకు కొట్లో ఒక్క పూట ఉండకూడదు. ఒక బస్తా పది బస్తాల్ని పాడు సేస్తాది" అన్నది నాన్న వేదం. నేను ఏ వేదమూ చదవలేదు గానీ, ఈ ఒక్కటి మాత్రం ఒంటపట్టించుకున్నాను. అదే నా కొంప ముంచింది.

అక్కని దామంజోడి ఇచ్చారు. బావకి అక్కడ ఫ్యాక్టరీలో పని, క్వార్టర్సు ఇల్లు. అక్కకి మొదటిసారి కడుపు నిలబడలేదు. రెండోసారి ఆరో నెల వచ్చేసరికి డాక్టరమ్మ, మంచం దిగకూడదు, ఘాటీ రోడ్డు మీద ప్రయాణం అసలే కూడదు అని చెప్పేసింది. పురుడు పుట్టింట్లో పొయ్యాలన్న ఆచారం అలా తలకిందులై, అక్క రాలేకపోతే అమ్మే బయల్దేరింది. రాయగడలో రైలెక్కించి వచ్చి నాన్న చెప్పులు విప్పుతూ అన్న మాట ఒకటే. "మూడు నెల్లు. అమ్మి, ఇల్లు నీదే." నేను గర్వంగా తలూపాను. ఇల్లంటే గోనె పరదాకి అవతలిదని అప్పటికి నాకు తట్టలేదు.

సెల్‌ఫోన్లు వచ్చేశాయి గానీ మా ఇంటికి ఒక్కటే సెల్లు, అదీ నాన్న చొక్కా జేబులో. అందుకని నా వంట పాఠాలన్నీ నడి కొట్లో, బేరగాళ్ల ముందు జరిగేవి. నేను చేతికి పిండితోనో మసితోనో పరదా తీసుకుని వచ్చేదాన్ని. నాన్న సెల్లు చెవికి పెట్టుకుని, సరుకు ఆర్డరు చెప్పినట్టు అమ్మ మాటలు నాకు అందించేవాడు.

"నీళ్లెన్ని అంటోంది?"

"మునిగినన్ని పొయ్యమంటోంది."

"మునిగేక?"

"ఏలు పెట్టి సూడమంటోంది."

"ఏ ఏలు?"

నాన్న ఆలోచనలో పడ్డాడు. అక్కడ కాటా పట్టే తాత ఉండేవాడు. మా కొట్లో నాన్న పుట్టకముందు నుంచీ తూకం వేస్తున్న మనిషి. ఆయన రాళ్లు సర్దుతూ, "బొటనేలు పెట్టకే అమ్మి, అన్నం గంజయిపోద్ది. సిటికెనేలు పెట్టకు, పలుకయిపోద్ది. మిగిలిన మూడిట్లో ఏదో ఒకటి పెట్టు" అన్నాడు. ఉప్పు కొనుక్కోవడానికి వచ్చిన ఒడియా మాస్టారు కూడా తన వేలు తీసి కొలత చూపించాడు. నాన్న మళ్లీ సెల్లులోకి, "ఉప్పెంత అంటోంది" అని అడిగి, విని, నా వైపు తిరిగి, "సూసుకొని ఎయ్యమంటోంది" అన్నాడు.

"ఏటి సూసుకొని?"

"ఉప్పు సూసుకొని."

ఇలాంటి చదువుతో మొదటి ఐదు రోజులు ఎలా గడిచాయో మీరే ఊహించుకోండి. అన్నం ఒక రోజు పలుకు, ఒక రోజు ముద్ద. వంకాయ కూర అడుగంటింది. చారు ఎందుకో తీపెక్కింది (బెల్లం ముక్క ఒకటి వెయ్యమంటే, కొట్లో ముక్కంటే ఎంతుంటుందో అంత వేశాను). నాన్న మజ్జిగ పోసుకుని, కళ్లు మూసుకుని మింగేవాడు. కాటా తాత మాత్రం రెండో రోజు నుంచీ మధ్యాహ్నం భోజనానికి వాళ్లింటికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ఆలి మీద ఏళ్ల తరబడి లేని ప్రేమ ఆయనకి ఆ వారంలోనే పుట్టుకొచ్చింది.

కొట్లో చెయ్యగలిగిందే ఇంట్లోనూ చేద్దాం అనుకుని, ఆరో రోజున వంటిల్లు తనిఖీ పెట్టాను. డబ్బాలు దించాను, పేర్చాను, వాసన చూశాను. వెనక వసారా మూల, ఇటుకల మీద ఒక నల్లటి మట్టి కుండ ఉంది. దాని మీద మూకుడు, మూకుడు మీద చిన్న రాయి. అది అమ్మ స్నానం చేసి వచ్చి తప్ప ముట్టుకునేది కాదు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మూత తీశాను. నా ముక్కు, నాన్న మెచ్చిన ముక్కు, ఒక్కసారి వెనక్కి వెళ్లిపోయింది. లోపల తెల్లగా, మడ్డిగా, నురగ కట్టి, పుల్లటి కంపు. అమ్మ వెళ్లే హడావిడిలో ఏదో మరిచిపోయింది, ఆరు రోజులుగా కుళ్లుతోంది అనుకున్నాను. వాసనొచ్చిన సరుకు ఒక్క పూట ఉండకూడదు కదా. తీసుకెళ్లి కాలవలో పారబోశాను. బూడిదా కొబ్బరి పీచూ పెట్టి ఆ కుండని గంటసేపు తోమాను. ఏళ్లనాటి మడ్డి పోయి, మట్టి రంగు బయటపడేదాకా తోమాను. ఎండలో బోర్లించి పెట్టి, కొట్లోకి వచ్చి నాన్నకి చెప్పాను కూడా.

"వసారా మూల ఏదో కంపు కొడతంటే పారబోసీసేన్నాన్నా."

"మంచి పని సేసేవు" అన్నాడు నాన్న, బస్తా కుట్టు విప్పుతూ, తలెత్తకుండానే. (ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. నేనైతే పెట్టుకున్నాను.)

నేను పారబోసింది తరవాణి. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి రోజూ ఇంత పోస్తూ పులవబెట్టే కుండ. దాన్ని పూర్తిగా ఎప్పుడూ ఖాళీ చెయ్యరు. తీసినంత తీసి, మళ్లీ పోస్తారు. మా నాయనమ్మ పెట్టిన కుండలోంచి అమ్మ తీసుకుంది, నాయనమ్మకి వాళ్లత్త ఇచ్చింది. ఆ పులుపు రెండు గరిటెలు చోడి పిండిలో, అంటే రాగి పిండిలో, కలిపి రాత్రంతా ఉంచితేనే మర్నాడు అంబలి. మరి అమ్మ నాకెందుకు చెప్పలేదంటారా? ఊరెళ్తూ, ఇంటికి గుమ్మం ఉంచు, పీకేయకు అని ఎవరైనా చెప్పి వెళ్తారా? నేనేమో చిన్నప్పటి నుంచీ అంబలి పేరెత్తితే మూతి ముడిచి, బిస్కట్ల డబ్బా వైపు చూసే రకం. అది ఎక్కడి నుంచి వస్తుందో నాకేం తెలుసు.

అంబలి మా ఇంట్లో తాగేవాళ్లం తక్కువ. అది సంతకి వచ్చేవాళ్ల కోసం. వారానికొక సంత. కొండ మీది ఊళ్ల నుంచి ఆడవాళ్లు పసుపు, అల్లం, చింతపండు, చీపుళ్లు కావిళ్ల మీదా నెత్తి మీదా మోసుకుని వచ్చేవాళ్లు. చీకటితో లేచి, మూడు నాలుగు గంటలు నడిచి వచ్చే మనుషులు. మా కొట్టుకి సరుకు తెచ్చినవాళ్లని వెనక వసారాలో కూర్చోబెట్టి, ముందు అంబలి పొయ్యాలి, తరవాతే తూకం. అది కొట్టు పెట్టిన మా తాత పెట్టిన పద్ధతి. ఇలాంటి కొట్లు బజారులో ఇంకో నాలుగున్నాయి. మా వసారా మాత్రమే ఎందుకు నిండుతుందని ఎవరైనా అడిగితే, కాటా తాత తన కాటా నిజాయితీ అనేవాడు, నాన్న తన మాట మంచితనం అనేవాడు.

అమ్మ వెళ్లాక వచ్చిన మొదటి సంత రోజున నేను అంబలి చేశాను. అమ్మని అడిగితే, "పిండి రాత్రే కలిపి ఉంచమంటోంది, ఎప్పుడూ సేసినట్టే" అని నాన్న అందించాడు. రాత్రే కలిపాను, మంచినీళ్లతో. తోమిన కుండలోనే, శుభ్రంగా. తెల్లారి నూక ఉడకబెట్టి, ఆ పిండి పోసి, గరిటె తిప్పాను. ఉండ కట్టలేదు, మాడలేదు. నేనే మురిసిపోయాను. ఆడవాళ్లు వచ్చారు, వసారాలో వరసగా కూర్చున్నారు. మొదటి గుక్క తాగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముంతలు మెల్లగా కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకున్నారు. కాసేపటికి ఒకామె పసుపు మూట నెత్తికెత్తుకుని, ఇప్పుడే వస్తానని వెళ్లింది. ఆమె వెనకే ఇంకొకామె. వాళ్లు ఎదురు కొట్టు వసారాలోకి వెళ్లడం పరదా సందులోంచి నాన్న చూశాడు, నేనూ చూశాను.

వాళ్లలో అందరికన్నా పెద్దావిడ ఒకావిడ ఉండేది, పసుపు మౌసి అనేవాళ్లం. వాళ్ల మాటలో మౌసి అంటే పిన్ని. నా చిన్నప్పటి నుంచీ మా కొట్టుకి మానకుండా పసుపు తెస్తోంది. ఆవిడ మాత్రం వెళ్లలేదు. ముంత పట్టుకుని, తాగకుండా, వసారా అంతా ఒకసారి కలియజూసింది. మూల ఇటుకల మీద చూపు ఆగింది. తోమి, ఎర్రగా మెరుస్తున్న కుండ. ఆవిడ కళ్లు నా మీదికి వచ్చాయి. నేను కళ్లు దించుకున్నాను, ఎందుకో తెలియకుండానే. "భల్ నాయ్, నూనీ" అని మాత్రం అంది. బాగోలేదు పిల్లా అని. మెల్లగా, నాన్నకి వినపడకుండా.

సాయంత్రం నాన్న చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. కేకలేస్తాడనుకున్నాను. కేకలేసినా బాగుండేది.

"అమ్మి, నువ్వు వండిన కూడు నాను తినగల్ను. నాకేటి, ఎలాగోలా గెంటేస్తాను. గానీ కొండ నుంచి వచ్చినోళ్లు కడుపు మాడి ఎల్లిపోతే కొట్టు నిలబడ్దు. వచ్చే సంతకి సూద్దాం. కాకపోతే మీ యమ్మకి ఫోను సేసి పిలిపించేస్తాను."

"అక్కో?"

"మరి నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. అక్క ఆయనకీ కూతురే కదా.

ఆ రాత్రి అన్నం సహించలేదు (అది నా వంట వల్ల కూడా కావచ్చు). అక్క మంచం దిగకూడదు. బావ పొద్దున్న షిఫ్టుకి వెళ్తే సాయంత్రం దాకా మంచినీళ్లు అందించే మనిషి లేదు. అమ్మ వచ్చేస్తే, అక్క లేస్తుంది. లేస్తే ఏమవుతుందో అందరికీ ఒకసారి తెలిసొచ్చింది. ఇదంతా నా అంబలి మీద నిలబడి ఉంది. పోనీ పులుపే కదా లోటు, కొట్లో పులుపుకి కరువా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే నిమ్మ ఉప్పు పొట్లం విప్పి, చారెడు పిండి కలిపి, కాసిన అంబలిలో రెండు చెంచాలు వేసి, కాటా తాతకి ముంతెడు పట్టుకెళ్లాను. తాత పాపం, నా మొహం చూసి గటగటా తాగేశాడు. ఖాళీ ముంతలోకి వంగి చూశాడు. "అమ్మి, ఇది ఇత్తడి బిందెలు తోమడానికి బాగుంటాది" అన్నాడు చివరికి. చింతపండు పిసికి పోసి చూశాను, పులిసిన మజ్జిగ పోసి చూశాను. చింతపండుది పులుసయింది, మజ్జిగది మజ్జిగే అయింది. నాలుగు రోజులు అయిపోయాయి, సంత ఇంకా మూడు రోజులుంది. అమ్మని నేరుగా అడుగుదామంటే సెల్లు నాన్న చెవికి, నా తప్పు నా గొంతులో.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం, నాన్న కునుకు తీస్తున్నప్పుడు, పెరటి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే పసుపు మౌసి. సంత రోజు కాదు, నెత్తి మీద పసుపు లేదు. భుజాన తాడుతో సొరబుర్ర ఒకటి వేలాడుతోంది, కొండ మీద వాళ్లు గంజి పట్టుకెళ్లే తుంబ. కాళ్లకి మోకాళ్ల దాకా ఎర్ర దుమ్ము. లోపలికి వచ్చి, వసారాలో చతికిలబడి, ముందు మంచినీళ్లు తాగింది. అప్పుడు అడిగింది, మా మాటా వాళ్ల మాటా కలిపి.

"కుండలోది ఏటి సేసినావు, నూనీ?"

"పారబోసేను మౌసీ. కంపు కొట్టింది."

మౌసి నన్ను చూసింది, కుండని చూసింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వు. పొట్ట పట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. "మీ యమ్మకి తెలిస్తే నిన్ను తోముతాది" అంది, కళ్లు తుడుచుకుంటూ. తరవాత తుంబ బిరడా తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. అదే పులుపు. నేను కాలవలో పోసిన అదే కంపు. ఈసారి నా ముక్కు వెనక్కి పోలేదు.

అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ల కిందట వాళ్లింట్లో పిల్లలకి జబ్బు చేసి, వాళ్ల గంజి కుండ ఎండిపోయిందట. సంతకి వచ్చి చెప్పుకుంటే, అమ్మ తన కుండలోంచి రెండు గరిటెలు తీసి ఇదే తుంబలో పోసి ఇచ్చిందట. అప్పటి నుంచీ ఆ ఇంటి గంజి దాంతోనే పులుస్తోంది. "ఇది మాది కాదు. మీ యమ్మదే. కొండెక్కింది, ఇప్పుడు దిగింది" అంది. పొద్దుటి నుంచీ నడిచి వచ్చింది ఆ రెండు గరిటెల కోసం.

కుండలో పోశాం. నా చేత బియ్యం కడిగించి ఆ నీళ్లు పోయించింది, గంజి వార్చి చల్లారాక పోయించింది. చేత్తో కలపమంది. "కంపు కాదు, అది ఆకలి. దానికి రోజూ ఇంత పెట్టు, అది మీకు పెడతాది" అంది. మూకుడు బోర్లించి, పైన రాయి ఉంచి, ఇంకెప్పుడూ తోమకు అన్నట్టు నా చేతి మీద ఒక్కటి వేసింది. నేను అన్నం తినమన్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు జాలిగా చూసి, "ఇది కూడా నేర్చుకోవాలి, నూనీ" అని లేచిపోయింది.

సంత ముందు రాత్రి రెండు గరిటెల తరవాణి చోడి పిండిలో కలిపాను. తెల్లవారుజామున మూత తీస్తే పిండి ఉబ్బి, చిన్న చిన్న బుడగలు. నూక ఉడికించి, పోసి, చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాను. దించి చల్లార్చాను. ఆడవాళ్లు వచ్చారు, కొంచెం అనుమానంగానే ముంతలు అందుకున్నారు. మౌసి ముందు తాగింది. తాగి, ఇంకో ముంత పొయ్యమంది. అందరూ ఇంకో ముంత పొయ్యమన్నారు. ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ కొరుకుతున్న చప్పుడు తప్ప ఏం వినపడలేదు. కాసేపటికి ఎదురు కొట్టు వసారాలోంచి పోయిన వారం వెళ్లినావిడ పసుపు మూటతో సహా వచ్చి, ఏమీ జరగనట్టు తన చోట్లో కూర్చుంది. కాటా తాత రెండు ముంతలు తాగి, ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లడం మానేశాడు. నాన్న పరదా దగ్గర నిలబడి ముంతెడు తాగాడు. ముంత నాకు అందిస్తూ సెల్లు తీశాడు.

"మనమ్మి సేసింది, నీలాగే ఉంది" అన్నాడు అమ్మతో. "నువ్వు తొందరపడి రాకు. పిల్లకి పురుడోసి, పత్యం రోజులు అయ్యేకే రా."

మొట్టమొదటిసారి సెల్లు నా చెవికి ఇచ్చాడు. అమ్మ అడిగింది ఒక్కటే. "రోజూ గంజి పోస్తన్నావా?" అంది. పోస్తున్నానన్నాను. రెండు రోజుల నుంచే అని చెప్పలేదు.

అక్కకి ఆడపిల్ల పుట్టింది, నిండు నెలలతో. అమ్మ తిరిగి వచ్చిన రోజు గుమ్మంలో కాళ్లు కడుక్కుని, నాన్నతో ఒక్క మాటైనా ఆడకుండా నేరుగా వసారా మూలకి నడిచింది. మూకుడు తీసి వాసన చూసింది. బాగానే ఉందన్నట్టు తలూపింది. నేను ఊపిరి వదిలాను. అప్పుడు కుండని చేత్తో ఒకసారి చుట్టూ తడిమింది.

"అమ్మీ."

"ఏటమ్మా?"

"నీళ్లు పాతవే. కుండెందుకే కొత్తదయిపోనాది?"

ఇంక దాచలేక అంతా చెప్పేశాను, నిమ్మ ఉప్పుతో సహా. నాన్న లోపలికి వచ్చి, "ఇంత పని సేసేవా, ఎవర్ని అడిగి సేసేవు?" అన్నాడు. "నిన్నే అడిగేను. మంచి పని సేసేవన్నావు" అన్నాను. నాన్న కొట్లో ఎవరో పిలిచారంటూ వెళ్లిపోయాడు. ఎవరూ పిలవలేదు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిడుతుందేమో అనుకున్న నాతో ఒక్కటే అంది. "అందుకేనే, మంచిది ఏదున్నా ఒక గరిటె ఊళ్లో ఉంచాలి. అంతా మన కుండలోనే ఉంచుకుంటే, నీలాంటి గుంట ఒకర్తి సాలు పారబొయ్యడానికి."

ఇప్పుడు నేను రాయగడలో ఉంటున్నాను. మూడో అంతస్తు ఇల్లు, గ్యాసు పొయ్యి, మిక్సీ. వంట కూడా వచ్చింది లెండి, బెల్లం ముక్క ఎంతో కూడా తెలుసు. వంటింటి కిటికీ కింద ఒక మట్టి కుండ ఉంది. కింది ఇంటావిడ ఒకసారి ముక్కు మూసుకుని, ఏదో పాడయినట్టుందండీ అని మొహమాటంగా చెప్పింది. ఆవిడ ముక్కు చూస్తే నాకు ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల గుర్తొచ్చింది. ఎండలో కూర్చుని, బూడిద చేతులతో, లోకాన్ని శుభ్రం చేసేస్తున్నట్టు కుండ తోముతున్న పిల్ల. దాన్ని ఆపుదామనిపించదు నాకు. తోమనీ అనిపిస్తుంది, దాని వెనక కొండ మీద ఒక తుంబ ఉంది కదా. కింది ఇంటావిడకి ఒక సీసాలో రెండు గరిటెలు పోసి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడే వాళ్ల చెల్లెలికి ఇచ్చిందట, సెమిలిగుడలో.

అదిగో, పాలు పొంగాయి. నే చెప్పలేదూ? లేవకండి, కూర్చోండి, నేను చూస్తాను. వెళ్లేటప్పుడు మాత్రం గుర్తు చెయ్యండి, మీకూ ఒక సీసా పోసి ఇస్తాను. మీ ఇంటి కుండ ఎప్పుడూ అడుగంటకుండా ఉండాలి, ఎప్పుడైనా ఎండితే పోసేవాళ్లు మీ గుమ్మం దాకా నడిచి రావాలి, మీ పిల్లలు వండింది మీకు సహించాలి.